కోతకన్న కూర్పు

ధర్మవరము మగ్గముపై ఒక పడుగు ముగియవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా వ్రేళ్లనడుమ మెలిపెట్టి అతుకు చేతులను చూచినవారికి, ఆ పనికిగల రెండు నియమములు వెంటనే బోధపడును: అతుకు వీడరాదు, వీడకున్నను లావై దారికి అడ్డము రారాదు. మానవుని పేగును కోసి మరల కలుపు శస్త్రవైద్యునకును ఈ రెండే నియమములు. అతుకు కారినచో కడుపంతయు విషపూరితమగును. ఇరుకైనచో ఆహారము ముందుకు సాగదు. పేగు వాచి ఇరుకగు క్రోన్స్ వ్యాధియందు మూడవ చిక్కొకటి కలదు: చెడిన భాగమును తీసివైచినను, అది తరచుగా ఆ అతుకుకడనే, దానికి పైనున్న పేగులో, మరల తలయెత్తును.

1932లో న్యూయార్కున క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అను వైద్యులు చిన్నపేగు చివరిభాగమున పుట్టు ఈ వ్యాధిని వర్ణించిరి. మన దేశమున క్షయయు తరచుగా ఆ చోటనే నాటుకొనుటచేత రెంటిని వేరుపరచుట నేటికిని వైద్యులకు కఠిన పరీక్షయే. కాని ఆ పోలికనుండియే లోకమునకొక మేలు కలిగెను. క్షయచే ఇరుకైన పేగును కోసి పారవేయక, వెడల్పుచేసి నిలుపుకొనవచ్చునని కటారియాయు, అతని సహచరులును 1977లో భారతదేశమునుండి ప్రకటింపగా, 1982 నాటికి ఆక్స్‌ఫర్డున ఇమాన్యుయెల్ లీ ఆ మార్గమునే క్రోన్స్ రోగులయందు అవలంబించెను.

ఇరుకైన చోట పేగును నిలువుగా చీల్చి, ఆ చీలికను అడ్డముగా కుట్టుటయే ఆ పద్ధతి. బిగుతైన చొక్కాచేతిని నిలువున కత్తిరించి, కోత రెండు కొసలను దగ్గరకు లాగి అడ్డముగా కుట్టి చూడుడు: పొడవు కొంత తగ్గి, చుట్టుకొలత పెరుగును. పేగును అట్లే విప్పార్చినచో దానిలో ఏ భాగమును తీసివేయనక్కరలేదు. మాటిమాటికి కోత పడి చిన్నపేగు కురచయైనవానికి, ఎంత తిన్నను ఒంటబట్టదు గనుక, ఈ పొదుపు ప్రాణాధారము.

కోయక తప్పనిచో, కలుపు తీరునందును మెలకువ వలయును. రక్తనాళములను మోసుకొనివచ్చు పొర అంటియున్న వైపుననే వ్యాధి తరచుగా మొదలగునని గమనించి, జపాను వైద్యుడు టోరు కోనో 2003లో కొత్త కూర్పును ఆరంభించెను. కోసిన రెండు కొసలను మూసి, ఒకదానితో నొకటి చేర్చి కుట్టగా అవి వెనుక స్తంభమువలె నిలుచును. ఆ పొరకు ఎదురువైపున ఇరుపేగులను నిలువుగా తెరచి, అడ్డముగా కలుపుదురు. 2020లో ఇటలీనుండి వెలువడిన పరిశోధనలో, ఆరు నెలలకు ఎండోస్కోపీలో కనబడిన పునరాగమనము సాధారణపు అతుకుకంటె దీనియందు చాల తక్కువగా నుండెను.

పెద్దపేగునే పట్టిపీడించు అల్సరేటివ్ కొలైటిస్ మాట వేరు. మందులకు లొంగనప్పుడు పెద్దపేగును పూర్తిగా తీసివేసి, చిన్నపేగు కొసను సంచివలె మడచి మలద్వారమునకు కలుపు పద్ధతిని 1978లో లండనునుండి పార్క్స్, నికల్స్ ప్రకటించిరి. అతుకు మానువరకు తరచుగా పేగును కొన్ని నెలలు పొట్టపైకి తెచ్చి, వెలుపల వేరొక సంచి అమర్తురు. ఆ ద్వారమున నీరు, ఉప్పు మిక్కిలిగా పోవును; సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వానయే కురియు అనంతపుర మెట్టసీమలో, వేసవియెండలో చేనిపనికి పోవువానికి ఇది చిన్న సంగతికాదు. ఉత్త మంచినీళ్లు ఎక్కువగా త్రాగినచో నష్టము పెరుగవచ్చును. వైద్యుడు చెప్పిన పాళ్లలో ఉప్పు, చక్కెర కలిపిన నీరే శరణ్యము. మనసీమ పంటయైన వేరుసెనగ గింజయు సరిగా నమలకున్న ఆ ద్వారపు ఇరుకున చిక్కుకొనవచ్చును.

ఎంత నేర్పుతో కుట్టిన అతుకైనను, రోగి చేతిలోని బీడీకి లొంగిపోవచ్చును; పొగత్రాగుట క్రోన్స్ వ్యాధిని మరల రప్పించునని స్పష్టముగా తెలిసియున్నది. కుట్టు శస్త్రవైద్యునిది, దాని కాపుదల రోగిది. కావున, మిగిలిన ఆ పేగును నిలుపుకొనదలచినవాడు, ఆసుపత్రి గడప దాటుటకు ముందే బీడీకట్టను విడువవలయును.