సంపాదకుని బల్ల
2012 ఏప్రిల్‌లో 'లడమ్ డేర్' అను 48 గంటల పోటీకై లూకాస్ పోప్ ఒక కంప్యూటరు ఆటను నిర్మించెను. దాని పేరు 'ది రిపబ్లియా టైమ్స్'. ఆడుటకు రుసుము లేదు.

ఆటగాడు ఒక నిరంకుశ రాజ్యమున పత్రికా సంపాదకుడు. ఆతని భార్యాబిడ్డలు ప్రభుత్వపు చేతిలో బందీలు. వచ్చిన వార్తలలో దేనిని ఎన్నుకొనవలెను, దేనిని ఎంత పెద్దదిగా వేయవలెను అనునదే పని. ప్రభుత్వమును మెచ్చు వార్తలు వేసినచో ప్రజలలో రాజభక్తి పెరుగును. కాని వానిని చదువువారెవరు? చదివించుటకు వాతావరణము, క్రీడలు, వినోదములు కావలెను. పుట చిన్నది, గడియారము ఆగదు. ఇందు అబద్ధము వ్రాయవలసిన పనియే లేదు. నిజమును వదలివేసిన చాలును. బొమ్మలు మాత్రము మోటువి. అయినను పౌరశాస్త్రపు తరగతిలో దీనిని ఆడించు ఉపాధ్యాయునకు ఒక ఉపన్యాసపు శ్రమ తప్పును.

కొన్ని దినములు గడచిన పిమ్మట వార్తల నడుమ తిరుగుబాటుదారుల సందేశమొకటి వచ్చును. ఇంటివారు జ్ఞప్తికి వత్తురు, చేయి తటపటాయించును.