క్రీడాకారులలో శక్తిలభ్యతా లోపం: ఆరోగ్య ప్రభావాలు, గుర్తింపులో అవరోధాలు

వ్యాససంగ్రహం:
క్రీడాకారులు తీసుకునే ఆహారశక్తిలో సాధనకు ఖర్చుకాగా మిగిలినది శరీర నిర్వహణకు చాలకపోవడమే శక్తిలభ్యతా లోపం. ఈ లోపం స్వభావాన్ని, రుతుచక్రంపైన, ఎముకలపైన దాని ప్రభావాన్ని వివరించడం, తెలుగు సమాజంలో దీనిని గుర్తించడానికి అడ్డువస్తున్న భాషా, సాంస్కృతిక కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శక్తిలభ్యత, క్రీడారోగ్యం, రుతుచక్రం, ఎముక సాంద్రత, నెల తప్పడం.

1. ఉపోద్ఘాతం:
కఠోర సాధన చేసే క్రీడాకారిణికి నెలసరి ఆగిపోవడం సహజమేనని క్రీడారంగంలో చాలాకాలం భావించారు. సాధన తీవ్రతే దీనికి కారణమన్న నమ్మకం బలంగా ఉండేది. ఆన్ లౌక్స్ బృందం 1998లో ప్రకటించిన ప్రయోగ ఫలితాలు ఈ నమ్మకాన్ని సవరించాయి. వ్యాయామానికి ఖర్చయిన శక్తిని ఆహారం ద్వారా భర్తీ చేసినప్పుడు, రుతుచక్రాన్ని నియంత్రించే లూటినైజింగ్ హార్మోన్ స్పందనలు దెబ్బతినలేదు. అంటే అసలు కారణం వ్యాయామ శ్రమ కంటే ఆహారశక్తి కొరత అని తేలింది.

2. శక్తిలభ్యత - గణన:
రోజంతా తిన్న ఆహారంలోని శక్తి నుండి వ్యాయామానికి ఖర్చయిన శక్తిని తీసివేసి, మిగిలిన దానిని కొవ్వు మినహా శరీర బరువుతో భాగిస్తే శక్తిలభ్యత తెలుస్తుంది. గుండె పని, శరీర ఉష్ణోగ్రత, కణాల మరమ్మతు, ఎముకల నిర్మాణం, హార్మోన్ల ఉత్పత్తి ఈ మిగులు శక్తి మీదనే ఆధారపడతాయి.

ఉదాహరణకు 50 కిలోల బరువున్న ఒక పరుగు క్రీడాకారిణి శరీరంలో కొవ్వు 10 కిలోలు అనుకుందాం. ఆమె రోజుకు 2000 కిలోకేలరీల ఆహారం తీసుకుని, సాధనలో 800 ఖర్చు చేస్తే మిగిలేది 1200. దానిని 40తో భాగిస్తే కిలోకు 30 వస్తుంది. స్త్రీలలో 45 ప్రాంతంలో ఉండే విలువను తగినంతగానూ, 30 కన్నా తక్కువను ప్రమాద సూచికగానూ పరిశోధకులు పరిగణిస్తూ వచ్చారు. ఇవి అందరికీ ఒకేలా వర్తించే కచ్చితమైన హద్దులు కావు. అయినా ఇంట్లో సరిపోయే భోజనం మైదానంలో శ్రమించే శరీరానికి ఎందుకు చాలదో ఈ లెక్క స్పష్టం చేస్తుంది. ఇదే క్రీడాకారిణి 45కు చేరాలంటే రోజుకు 2600 కిలోకేలరీలు తినాలి.

ఈ లోపం ఉన్నవారంతా చిక్కిపోయి కనిపించరు. శక్తి చాలనప్పుడు శరీరం తన అంతర్గత వ్యయాన్ని తగ్గించుకుంటుంది. అందువలన బరువు నిలకడగా ఉన్నా లోపం కొనసాగవచ్చు. ఉద్దేశపూర్వకంగా తిండి తగ్గించుకునేవారిలోనే ఇది వస్తుందనీ చెప్పలేం. తీవ్ర వ్యాయామం తరువాత ఆకలి మందగించడం, సాధన వేళలకూ భోజన వేళలకూ పొంతన లేకపోవడం, పేదరికం కూడా దీనికి దారితీస్తాయి.

3. భావన పరిణామం:
తిండి లోపం, నెలసరి ఆగిపోవడం, ఎముకల బలహీనత అనే మూడింటి కలయికను 1992లో 'క్రీడాకారిణుల త్రయం'గా గుర్తించారు. ఈ భావన స్త్రీలకే పరిమితమైంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో 'క్రీడల్లో సాపేక్ష శక్తి లోపం' అనే విస్తృత భావనను ప్రతిపాదించి పురుషులను కూడా చేర్చింది. 2018లోనూ, 2023లోనూ దానిని నవీకరించింది. కొద్దికాలం ఉండి శరీరం సర్దుకోగల కొరతకూ, దీర్ఘకాలం సాగి హాని చేసే కొరతకూ 2023 నివేదిక భేదం చూపింది.

4. ఆరోగ్య ప్రభావాలు:
శక్తి చాలనప్పుడు మెదడులోని హైపోథాలమస్ ప్రత్యుత్పత్తి హార్మోన్లకు సంకేతాలను తగ్గిస్తుంది. స్త్రీలలో ఈస్ట్రోజెన్ పడిపోయి నెలసరి క్రమం తప్పుతుంది, లేదా ఆగిపోతుంది. పురుషులలో టెస్టోస్టిరాన్ తగ్గవచ్చు. బయటికి కనిపించే నెలసరి వంటి గుర్తు లేకపోవడం వలన పురుషులలో సమస్య మరింత ఆలస్యంగా తెలుస్తుంది.

అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఎముకలకు జరిగే నష్టం. ఎముక అరుగుదలను ఈస్ట్రోజెన్ అదుపులో ఉంచుతుంది. జీవితకాలానికి కావలసిన ఎముక సాంద్రతలో అత్యధిక భాగం కౌమారం ముగిసేలోగా సమకూరుతుంది. క్రీడాసాధన ముమ్మరంగా సాగేదీ ఆ వయసులోనే. అప్పుడు జరిగిన నష్టం తరువాత పూర్తిగా పూడకపోవచ్చు. దాని తక్షణ రూపం ఒత్తిడి వలన ఎముకలో ఏర్పడే చీలిక. అమెరికన్ పరుగు క్రీడాకారిణి మేరీ కెయిన్ బరువు తగ్గాలన్న ఒత్తిడి వలన తనకు మూడేళ్ళు నెలసరి ఆగిపోయిందని, ఐదు ఎముకలు విరిగాయని 2019లో న్యూయార్క్ టైమ్స్ ద్వారా వెల్లడించింది. నిస్త్రాణ, చిరాకు, ఏకాగ్రత లోపం, తరచు జబ్బు పడటం కూడా ఈ స్థితిలో కనిపిస్తాయి.

5. గుర్తింపులో అవరోధాలు - తెలుగు సందర్భం:
తెలుగులో నెలసరిని సూచించే 'బయట చేరడం', 'ముట్టు', 'మైల' వంటి మాటలు రుతుస్రావం వచ్చినప్పటి అంటును, దూరాన్ని తెలుపుతాయి. అది రాకపోవడాన్ని తెలిపే వాడుక 'నెల తప్పడం'. ఈ పలుకుబడికి లోకవ్యవహారంలో స్థిరపడిన అర్థం గర్భధారణ. అందువలన పెళ్ళికాని క్రీడాకారిణి తన స్థితిని ఈ మాటతో చెప్పుకుంటే అనుమానాన్ని కొనితెచ్చుకున్నట్లే అవుతుంది. చెప్పకపోతే పోటీల వేళ ఇబ్బంది తప్పిందన్న ఊరట దొరుకుతుంది. ఈ రెండింటి నడుమ నెలలు గడిచిపోతాయి.

రెండవ అవరోధం నీరసానికి చెప్పుకునే కారణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి 'రక్తం తక్కువ' అన్న మాట తరచు నిజమే. అయితే ఇనుము మాత్రలతోనే విషయం ముగిస్తే, దానితో పాటు ఉన్న ఆహారశక్తి కొరత మరుగున పడుతుంది.

పదిహేనేళ్ళు నిండినా రజస్వల కాకపోవడం, క్రమంగా వచ్చే నెలసరి వరుసగా మూడు నెలలు ఆగిపోవడం వైద్యపరీక్ష అవసరమైన గుర్తులు. గర్భం, థైరాయిడ్, అండాశయ సమస్యలు వంటి ఇతర కారణాలు లేవని వైద్యులు నిర్ధారించుకోవాలి. గర్భనిరోధక మాత్రలతో వచ్చే రక్తస్రావం సహజ రుతుచక్రం తిరిగి వచ్చిందనడానికి నిదర్శనం కాదు. చికిత్సకు మూలం ఆహారం పెంచడం, అవసరమైతే సాధన తగ్గించడం. తిండి విషయంలో భయం, అపరాధభావం ఉంటే మానసిక వైద్య సహాయం కూడా కావాలి.

6. ముగింపు:
శక్తిలభ్యతా లోపాన్ని క్రమశిక్షణకు చిహ్నంగా భావించినంత కాలం అది రోగంగా కనిపించదు. కళాశాలల్లో వ్యాయామ అధ్యాపకులు, వసతిగృహ పర్యవేక్షకులు తూకం అంకెతో పాటు భోజనం, అలసట, నెలసరి క్రమం గురించి గౌరవంగా, ఏకాంతంగా అడగగలగాలి. 'నెలసరి ఆగిపోయింది' అన్న మాటను విద్యార్థిని సంకోచం లేకుండా ఒక ఆరోగ్య లక్షణంగా చెప్పగలిగే వాతావరణం ఏర్పడటమే ఈ సమస్య గుర్తింపులో మొదటి మెట్టు.