మూత్రంలో మంట... ప్రతిదీ 'వేడి' కాదు!

మూత్రం పోసుకునేటప్పుడు మంటగా ఉందంటే పల్లెల్లో ముందుగా వినిపించే మాట 'వేడి చేసింది'. సబ్జా నీళ్ళో, బార్లీ నీళ్ళో తాగి పనిలోకి వెళ్ళిపోతారు. రోజంతా ఎండలో కలుపు తీసి, నీళ్ళు సరిగా తాగని రోజున ఈ మాట కొంతవరకు నిజమే. ఒంట్లో నీరు తగ్గితే మూత్రం చిక్కబడి ముదురు పసుపు రంగులోకి మారుతుంది. పోసుకునేటప్పుడు చురుక్కుమంటుంది. నీళ్ళు, మజ్జిగ బాగా తాగితే ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మాత్రం అది వేడి కాదు, జబ్బు కావచ్చు. చలవ చేసే పానీయాలతో రోజులు గడిపితే నష్టపోయేది మనమే.

జబ్బు ఎలా ఉంటుంది?

మూత్రసంచి నుంచి మూత్రం బయటికి వచ్చే గొట్టం మగవారిలో సుమారు 20 సెంటీమీటర్లు, ఆడవారిలో 4 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఈ గొట్టం లోపలి పొర వాచి పుండులా మారడాన్ని డాక్టర్లు యురెత్రైటిస్ అంటారు. మంట, దురద, మాటిమాటికీ మూత్రం వచ్చినట్లనిపించడం దీని లక్షణాలు. మగవారిలో చీము గానీ, నీళ్ళలాంటి జిగురు గానీ కారుతుంది. పొద్దున లేవగానే లోదుస్తులకు మరకలు కనిపిస్తాయి. ఆడవారిలో చాలామందికి ఏ బాధా తెలియదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

కారణాలేమిటి?

ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారా అంటుకునే సూక్ష్మజీవులే కారణం. ఇందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి గనేరియా, పెద్దవాళ్ళు సెగరోగం అనేవారు. సాధారణంగా అంటుకున్న 2 నుంచి 7 రోజుల్లో చిక్కటి చీముతో బయటపడుతుంది. రెండోది క్లమీడియా. ఇది ఒకటి నుంచి మూడు వారాలకు కొద్దిపాటి జిగురుతో కనబడవచ్చు, అసలు కనబడకుండా నెలల తరబడి ఒంట్లో ఉండనూ వచ్చు.

ఆపరేషన్ సమయంలో మూత్రానికి గొట్టం వేసినా, అక్కడ దెబ్బ తగిలినా, ఘాటైన సబ్బులు పడకపోయినా ఈ వాపు రావచ్చు. ఆడవారిలో మంటకు మూత్రసంచిలో చేరిన సూక్ష్మజీవులే తరచు కారణమవుతాయి. మూత్రసంచిలో రాళ్ళున్నా మంట వస్తుంది. కాబట్టి మంట అనగానే ఆలుమగలు ఒకరినొకరు అనుమానించుకుని గొడవ పడవద్దు. కారణం తేలాల్సింది పరీక్షలో, పంచాయితీలో కాదు.

వదిలేస్తే ఏమవుతుంది?

కొందరిలో చీము దానంతటదే తగ్గినట్లు కనిపిస్తుంది. జబ్బు తగ్గిందనుకుంటే పొరపాటు. మగవారిలో వృషణాల వద్ద వాపు రావచ్చు. కొన్నేళ్ళకు మూత్రం గొట్టం సన్నబడి ధార తగ్గిపోవచ్చు. ఆడవారిలో గర్భసంచికి, గర్భనాళాలకు పాకి నాళాలు మూసుకుపోతే పిల్లలు పుట్టకుండా పోయే ప్రమాదం ఉంది. భర్త వల్ల అంటుకున్న జబ్బుకు 'గొడ్రాలు' అనే మాట భార్య పడాల్సి వస్తుంది. కాన్పు సమయంలో బిడ్డ కళ్ళకు సోకితే చూపే పోవచ్చు.

సొంత వైద్యం వద్దు

మందుల షాపులో అడిగి రెండు మాత్రలు వేసుకోవడం, ఒక సూది వేయించుకుని ఊరుకోవడం మంచిది కాదు. 1987-88లో పత్తిలో ఏం జరిగిందో పాత రైతులకు గుర్తుండే ఉంటుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లు ఎడాపెడా కొట్టడంతో శనగపచ్చ పురుగు వాటికి లొంగకుండా పోయింది. గనేరియా క్రిమీ అంతే. ఒకప్పుడు పనిచేసిన పెన్సిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లకు ఇప్పుడు లొంగడం లేదు. అందుకే పాత చీటీ పట్టుకుని మందు కొనవద్దు. పశువులకు తెచ్చి మిగిలిన మందు అసలే వాడరాదు.

మన మడికి మందు కొట్టి పక్క మడిని వదిలేస్తే పురుగు మళ్ళీ వస్తుంది కదా! ఇదీ అలాంటిదే. బాధ ఉన్నా లేకపోయినా భార్యాభర్తలిద్దరూ వైద్యం చేయించుకోవాలి. గత రెండు నెలల్లో వేరే సంబంధం ఉంటే వారికీ చెప్పాలి. ఇద్దరి వైద్యమూ పూర్తయ్యాక కనీసం 7 రోజుల వరకు కలవరాదు. డాక్టరు రాసిన మందు చివరి మాత్ర వరకు వాడాలి. వేరే సంబంధం ఉన్నవారు నిరోధ్ తప్పక వాడాలి.

ఎప్పుడు వెళ్ళాలి?

* నీళ్ళు బాగా తాగినా రెండు రోజుల్లో మంట తగ్గకపోతే
* చీము లేదా జిగురు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా
* గర్భిణులు, చక్కెర వ్యాధి ఉన్నవారు, చిన్నపిల్లలు అయితే మంట మొదలైన రోజే
* చలి జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం ఉంటే ఆ రోజే
* మూత్రం పూర్తిగా బిగిసిపోతే రాత్రయినా సరే వెంటనే ఆస్పత్రికి
* వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే. వృషణం మెలిపడి ఉంటే 6 గంటల్లోపు ఆపరేషన్ చేయకపోతే అది చెడిపోయే ప్రమాదం ఉంది.

ఎక్కడికి వెళ్ళాలి?

ముందుగా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళవచ్చు. జిల్లా ఆస్పత్రుల్లో, బోధనాస్పత్రుల్లో సుఖవ్యాధులకు ప్రత్యేక క్లినిక్‌లున్నాయి. అక్కడ పరీక్షలు, మందులు ఉచితం. విషయం బయటికి పొక్కనివ్వరు. పరీక్షకు వెళ్ళే ముందు మాత్రలేవీ మింగవద్దు, గంట ముందు నుంచి మూత్రం పోయకుండా ఉండాలి. మగవారికి ఈ జబ్బు పరీక్షకు మొదట వచ్చే మూత్రమే కావాలి. హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోవడం మంచిది. ముందుగా ఫోనులో అడగదలచిన వారు 1097 నంబరుకు చేయవచ్చు. డబ్బు పడదు.

పైరుకు తెగులు వస్తే ఆకు తెంపుకుని వెళ్ళి వ్యవసాయాధికారికి చూపిస్తాం. అందులో సిగ్గుపడేదేమీ లేదు. డాక్టరు దగ్గరా అలాగే ఉన్నదున్నట్లు చెప్పాలి. మూత్రంలో మంట అనే మాట ఆయన రోజూ వినేదే.