కారులో పెట్రోల్ వాసన వస్తోందా? పైపు ఇంట్లోనే మార్చుకోవచ్చు, కానీ ఇవి తెలుసుకున్నాకే

మొన్న వేసవిలో కర్నూలు నుంచి కడపకి బంధువుల పెళ్లికి బయల్దేరాం. అబ్బా, అమ్మీ, చెల్లెలు, ఆమె ఇద్దరు పిల్లలు, నేను. బండి 2006 మోడల్ చిన్న పెట్రోల్ కారు. నంద్యాల దాటగానే అమ్మీ అంది, "బేటా, పెట్రోల్ వాసన వస్తాంది, తల తిరుగుతాంది" అని. బంకులో పోయించినప్పుడు ఒలికి ఉంటుందిలే అని అద్దాలు దించి పోనిచ్చాను. ఆళ్లగడ్డ దగ్గర టీకి ఆపి కింద చూస్తే, వెనక ట్యాంకు వైపు రోడ్డు మీద తడి మచ్చ.

రోడ్డు పక్క మెకానిక్ ఒకరు పైపుకి టేపు చుట్టి, పైన ఎం-సీల్ పెట్టి "ఏం కాదు పోండి" అన్నాడు. కడప చేరేసరికి టేపు ఊడి వేలాడుతోంది. కడపలో మా మామూ సౌదీలో పన్నెండేళ్లు గ్యారేజీ పని చేసి వచ్చినాయన. చూసి ఒకటే మాట అన్నారు: "అరే, పెట్రోల్ యాడైనా టేపుకి ఆగుతుందా? పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇట్లా వచ్చినావా?"

మర్నాడు పొద్దున ఆయన దగ్గరుండి నాతోనే పైపు మార్పించారు. జానెడు రబ్బరు పైపు, రెండు క్లిప్పులు. ఖర్చు ఒక పూట బిర్యానీ అంత కూడా కాలేదు. ఆ రోజు నేర్చుకున్నది, తర్వాత చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను.

ఎందుకంత భయపడాలి?

పెట్రోల్ ద్రవంగా కాదు, ఆవిరిగా మండుతుంది. సున్నాకి దాదాపు 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి దాన్నుంచి వస్తుంది. ఇక మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ కాసే మన కర్నూలు, కడపల్లో చెప్పేదేముంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. పది అడుగుల అవతల ఉన్న పొయ్యి దాకా కూడా పోగలదు.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయిన ఘోరం ఎవరూ మర్చిపోలేదు. బస్సు కింద ఇరుక్కున్న బైకు నుంచి కారిన పెట్రోలుకి నిప్పురవ్వలు తగిలి మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అది ప్రమాదంలో కారిన పెట్రోల్, మనది పైపులోంచి కారే పెట్రోల్. నిప్పుకి మాత్రం రెండూ ఒకటే.

పైపు ఎందుకు పాడవుతుంది?

మొదటి కారణం వయసు, ఎండ. ఇంజిన్ వేడికి, బయటి వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. రెండోది ఎలుకలు. బండి వారం రోజులు కదలకపోతే బానెట్ కింద చేరి పైపులు కొరికేస్తాయి. మూడోది ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్. దానికి తగ్గట్టు తయారు కాని పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు 20 నుంచి 30 వేల కిలోమీటర్లకి మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. కాబట్టి పాత బండి ఉన్నవాళ్లు పైపుల్ని ఏడాదికోసారైనా వంచి చూస్కోవాలి. పగుళ్లు కనిపించినా, జిగటగా మెత్తబడినా, ఉబ్బినా మార్చేయాలి.

ఏ పైపు కొనాలి?

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గ్యాస్ స్టవ్ పైపు, నీళ్ల పైపు, మేస్త్రీల లెవెల్ పైపు ఏదీ పనికిరాదు. కార్బొరేటర్ పాత బండ్లలో పెట్రోల్ ఒత్తిడి చాలా తక్కువ. ఇంజెక్షన్ బండ్లలో దాదాపు 3 బార్, అంటే కారు టైరులో గాలి కన్నా ఎక్కువ. ఇంజెక్షన్ బండికి పైపు మీద "ఎస్‌ఏఈ జె30 ఆర్9" అని అచ్చు ఉండాలి. "ఆర్7" రకం తక్కువ ఒత్తిడికి మాత్రమే. పాత పైపు ముక్క తీసుకుపోయి లోపలి సైజు సరిపోల్చి కొనండి. క్లిప్పులు కూడా కొత్తవే, అంచులు నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పులు. గాడి పళ్లుండే మామూలు స్క్రూ క్లిప్పు రబ్బరుని కోసేస్తుంది.

మొదలుపెట్టే ముందు

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పొద్దున్నే చేస్తే మంచిది. ఆరుబయట, చదునైన చోట పెట్టండి. వంటింటి కిటికీ పక్కన వద్దు, వాకిట్లో దోమల చక్రం, అగరబత్తి, బీడీ ఏవీ ఉండకూడదు. పిల్లల్ని లోపలికి పంపండి. వెలుతురుకి బ్యాటరీ ఎల్‌ఈడీ లైటు వాడండి, వైరు లాగిన బల్బు వద్దు. పక్కన డ్రై పౌడర్ సిలిండర్, ఒక బకెట్ ఇసుక పెట్టుకోండి. నీళ్లు పోయొద్దు, పెట్రోల్ నీళ్ల మీద తేలి మంటని ఇంకా పాకిస్తుంది. బండి కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టాలి.

పని వరుస

1. ఒత్తిడి తీయాలి. పెట్రోల్ పంపు ఫ్యూజ్ ఎక్కడుందో బండి పుస్తకంలో చూడండి. ఇంజిన్ నడుస్తుండగా ఆ ఫ్యూజ్ తీస్తే కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. ఇంకోసారి రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. చల్లారాక మిగతా పని. కానీ పెట్రోల్ ఇప్పటికే చుక్కలుగా కారుతుంటే ఇంజిన్ స్టార్ట్ చేయనే వద్దు, మెకానిక్‌ని ఇంటికే పిలవండి.

2. బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. ట్యాంకు మూత ఒకసారి తెరిచి మూయండి.

3. పాత పైపు ఏ దారిన పోయిందో ఫోన్లో ఫోటో తీసుకోండి. కింద ఇనుప డబ్బా, చుట్టూ గుడ్డ పెట్టండి. కళ్లద్దాలు, గ్లవుజులు వేస్కోండి. క్లిప్పు వదులు చేసి పైపుని మెలిపెట్టి లాగండి. రాకపోతే బ్లేడుతో పొడవునా కోయండి, కింది ఇనుప గొట్టానికి గీత పడకూడదు.

4. కొత్త పైపుని పాతదాని పొడవుకే తిన్నగా కోయండి. క్లిప్పులు ముందే తొడిగి, గొట్టం చివర ఉబ్బు దాటి దాదాపు అంగుళం లోపలికి ఎక్కించండి. క్లిప్పు ఆ ఉబ్బుకి అవతల, పైపు అంచుకి కాస్త ఇవతల కూర్చోవాలి. పైపు మడత పడకూడదు, సైలెన్సర్‌కి దూరంగా ఉండాలి.

5. కారిన పెట్రోల్ తుడిచి, వాసన పోయేదాకా ఆగండి. ఫ్యూజ్ పెట్టి, బ్యాటరీ వైరు చివర్లో తగిలించండి. స్టార్ట్ చేయకుండా తాళం రెండు మూడు సార్లు ఆన్ చేసి, కింద లైటు వేసి చూడండి. తడి లేకపోతే స్టార్ట్ చేసి పది నిమిషాలు నడవనిచ్చి మళ్లీ చూడండి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి.

ఇవి మాత్రం వద్దు

మన దగ్గర పైపు పెట్టి నోటితో పెట్రోల్ లాగే అలవాటుంది. ఒక గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికొస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. మిగిలిన పెట్రోల్ కాలవలో పోయొద్దు. తడిసిన గుడ్డల్ని ఆరుబయట పరిచి ఆరాకే పారేయండి.

డీజిల్ కామన్ రైల్ బండ్లలో ఇంజెక్టర్ వైపు ఇనుప పైపుల్ని ఇంట్లో ముట్టుకోకండి. అక్కడ ఒత్తిడి వెయ్యి బార్‌కి పైనే ఉంటుంది, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. సీఎన్‌జీ, ఎల్పీజీ పైపులు, తుప్పు పట్టిన ఇనుప పైపులు, నొక్కితే ఊడే ప్లాస్టిక్ జాయింట్ల పైపులు, ట్యాంకు దించాల్సిన పని, ఇవన్నీ తెలిసిన మిస్త్రీకే వదిలేయండి.

నేను బీకాం చదివినోణ్ని, లెక్క వేస్కోవడం అలవాటు. పైపు, క్లిప్పులు కలిపి అయ్యింది కొన్ని వందలు. ఆ రోజు బండిలో ఉన్నది మా ఇల్లు మొత్తం. అమ్మీ వాసన వస్తోందన్న నిమిషంలోనే ఆపి చూడాల్సింది. మీ బండిలో ఎవరైనా అట్లా అంటే, ఒలికి ఉంటుందిలే అనుకోకుండా పక్కకి ఆపండి, ఇంజిన్ ఆపండి, ముందు పిల్లల్ని దించండి. తర్వాతే బండి కింద చూడండి.