సిటీ నుంచి సెరెండిపిటీ దాకా

సిటీ బస్సు, యూనివర్సిటీ, క్వాలిటీ, పబ్లిసిటీ. ఇంగ్లిషు చదవనివాళ్ల నోట కూడా రోజూ నలిగే మాటలివి. వీటన్నింటి చివరా ఉన్నది ఒకే లాటిన్ ప్రత్యయం. లాటిన్‌లో అది 'తాస్'. ఫ్రెంచిలో 'తే' అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక తరతరాల పాటు అక్కడి దర్బారు భాష ఫ్రెంచే కాబట్టి, ఆ దారిన ఇంగ్లిషులోకి వచ్చి 'టీ'గా, ఎక్కువగా 'ఇటీ'గా స్థిరపడింది.

'గొప్ప'కు 'తనం' చేరి గొప్పతనం అయినట్టే, ఇది చేరితే గుణం పేరు పుడుతుంది. సిటీ కూడా మొదట ఊరు కాదు. లాటిన్‌లో 'కీవిస్' అంటే పౌరుడు, 'కీవితాస్' అంటే పౌరసత్వం, పౌరసమాజం. ఆ సమాజం పేరే క్రమంగా అది ఉండే చోటుకు వచ్చింది.

కీవితాస్‌లోని 'క' సిటీలో 'స' ఎందుకైంది? ఇ, ఎ అచ్చుల ముందు లాటిన్ 'క' ఫ్రెంచికి చేరేసరికి మెత్తబడింది. ఎలక్ట్రిక్‌లోని 'క' ఎలక్ట్రిసిటీలో 'స' కావడానికీ కారణం అదే.

ఇంగ్లిషు సొంత ప్రత్యయం 'నెస్' చేరితే అసలు మాట ఉచ్చారణ మారదు. హ్యాపీ, హ్యాపీనెస్ పలికి చూడండి. 'ఇటీ' అలా ఊరుకోదు, ఊనికను తన పక్కకు లాక్కుంటుంది. ఎలక్ట్రిక్‌లో 2వ అక్షరం 'లెక్' మీద ఉన్న ఊనిక, ఎలక్ట్రిసిటీలో 3వ అక్షరం 'ట్రి' మీదికి వస్తుంది. మనం 'టీ'ని సాగదీస్తాం, అసలు బరువు దాని మీద లేదు. బడిలో స్పెల్లింగుతో పాటు ఈ ఒక్క సూత్రం చెబితే వందల మాటలు సరిగ్గా పలకవచ్చు. డివైన్ డివినిటీ అయినట్టు దీర్ఘం కుదించుకుపోవడమూ మామూలే. ఒబీసిటీ మాత్రం దీర్ఘాన్ని వదులుకోలేదు.

ఎలక్ట్రిసిటీకి పుట్టిన కాలం కూడా దొరుకుతుంది. అంబర్ అనే గట్టిపడ్డ చెట్టు బంకను రుద్దితే అది తేలికపాటి వస్తువులను లాగుతుంది. గ్రీకులో అంబర్ పేరు 'ఎలెక్ట్రాన్'. విలియం గిల్బర్ట్ 1600లో అచ్చయిన తన లాటిన్ గ్రంథంలో దాన్నుంచి విశేషణం చేశాడు. 1646లో థామస్ బ్రౌన్ దాన్ని 'ఇటీ'తో ఇంగ్లిషు నామంగా వాడాడు.

'ఇటీ'కి లాటిన్ మూలమే కావాలని కూడా లేదు. 1754 జనవరి 28న హొరేస్ వాల్‌పోల్ ఒక ఉత్తరంలో, శ్రీలంక పాత పేరు సెరెండిప్‌కు దీన్ని తగిలించి సెరెండిపిటీ సృష్టించాడు. అనుకోకుండా మంచిది కంటపడడం అని అర్థం. ఊనిక అక్కడా 'ఇటీ'కి ముందున్న 'డిప్' మీదే.