నాలుగు తీగల నిండా విశేషాలే

బేస్ గిటార్‌ను లోకమంతటికీ అలవాటు చేసిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఆయనకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. వాయించేవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ ఇబ్బందులేమిటో వినడం, విన్నదాన్ని బట్టి వాయిద్యం తయారుచేయడం ఆయన పద్ధతి. అప్పట్లో బృందంలో మంద్రస్వరం పలకాలంటే మనిషెత్తు డబుల్ బేస్ ఉండాల్సిందే. దాన్ని ఊరూరా మోసుకెళ్ళడం ఒక బాధ. డ్రమ్ముల హోరులో దాని నాదం వినపడకపోవడం ఇంకో బాధ. మెట్లు లేని వాయిద్యం కాబట్టి, చేతికి ఏళ్ళ తరబడి సాధన ఉంటేనే స్వరం సరిగ్గా పడేది. 1951లో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు వీణకున్నట్టే మెట్లున్నాయి. వేలు మెట్టు వెనక పడితే చాలు, స్వరం కచ్చితంగా పలుకుతుంది. ప్రెసిషన్, అంటే కచ్చితత్వం, అని పేరు పెట్టింది కూడా అందుకే. ఇవాళ దుకాణాల్లో కనిపించే బేస్‌లు చాలావరకు ఆ నమూనా అడుగుజాడల్లోనే నడుస్తున్నాయి.

అలాగని మొట్టమొదటిది అదే అనలేం. 1936 ప్రాంతంలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేసి ఆడియోవాక్స్ 736 పేరుతో అమ్మారు. కొన్నవాళ్ళు తక్కువ కావడంతో చరిత్రలో ఆయన పేరు వెనకబడిపోయింది.

ఎల్విస్ ప్రెస్లీ కూడా ఒక రికార్డింగ్‌లో బేస్ వాయించారు. 1957లో 'జైల్‌హౌస్ రాక్' సినిమా పాటల రికార్డింగ్‌లో ఆయన బేసిస్ట్ బిల్ బ్లాక్‌కు కొత్త ఫెండర్ బేస్ ఓ పట్టాన లొంగలేదు. ఆయన విసుగెత్తి దాన్ని నేలమీద పడేసి వెళ్ళిపోతే, ఎల్విస్ దాన్ని తీసుకుని ఒక పాటకు బేస్ తానే వాయించేశారు. డబుల్ బేస్‌లో ఆరితేరినవాళ్ళకు కూడా ఈ వాయిద్యం మొదట్లో కొరకరాని కొయ్యే.

చేతికి సరిపోవాలి

మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు, గిటార్‌కైతే 25 అంగుళాలకు అటూ ఇటూ. దాంతో బేస్ మీద మొదటి మెట్టు, తీగ మొదలయ్యే చోటి నుంచి దాదాపు 4.8 సెంటీమీటర్ల దూరాన పడుతుంది. నాలుగు మెట్లకు నాలుగు వేళ్ళు చాపి చూస్తే ఆ దూరం ఎంతో చిటికెన వేలే చెబుతుంది. చేయి చిన్నదైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లున్నాయి. అవి పిల్లల బేస్‌లని చిన్నచూపు చూసేవాళ్ళు ఒక్కసారి పాల్ మెకార్ట్‌నీని తలుచుకోవాలి. బీటిల్స్ పాటలతో లోకాన్ని ఊపేసిన ఆయన హోఫ్నర్ వయొలిన్ బేస్ షార్ట్ స్కేలే.

1961లో హాంబర్గ్‌లో దాన్ని ఆయన సుమారు 30 పౌండ్లకు కొన్నారు. ఫెండర్ కొనేంత డబ్బు అప్పుడు చేతిలో లేదు. పైగా ఆయనది ఎడమచేతి వాటం. రెండువైపులా ఒకేలా ఉండే వయొలిన్ ఆకారం కాబట్టి ఎటు తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనిపించదని దాన్ని ఎంచుకున్నారు. 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి ఆ బేస్ చోరీ అయింది. యాభై ఏళ్ళు దాటాక ఇంగ్లండ్‌లోనే ఒక ఇంటి అటక మీద దొరికింది. తిరిగి ఆయన చేతికి చేరిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు.

కొనడానికి వెళ్ళినప్పుడు ఆంప్లిఫైయర్‌కు తగిలించకముందే చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. బెల్టు వేసుకుని నిలబడి, మెట్లున్న నెక్ మీంచి ఎడమచెయ్యి తీసేయాలి. బేస్ తల కిందికి వాలిపోతే వద్దు. వాయించినంతసేపూ ఆ బరువును ఎడమచెయ్యే మోయాల్సివస్తుంది, సగం బలం దానికే పోతుంది. నెక్ అంచు పొడవునా వేలు నడిపితే మెట్ల కొసలు గుచ్చుకోకూడదు. ఆపైన ఒక్కో తీగ మీద ఒక్కో మెట్టూ నొక్కుతూ చివరిదాకా వెళ్ళాలి. దుకాణంవాళ్ళు తొందరపెట్టినా సరే, ఈ పని మానకూడదు.

అలా వెళ్తున్నప్పుడు అన్నిటికంటే సన్నని జీ తీగ మీద అయిదు నుంచి ఏడో మెట్టు వరకు ప్రత్యేకంగా చెవి పెట్టాలి. ఫెండర్ నమూనా బేస్‌లలో చాలావాటికి అక్కడెక్కడో ఒక స్వరం మిగతావాటికంటే తొందరగా ఆరిపోతుంది. దీన్నే డెడ్ స్పాట్ అంటారు. తీగ లోపమో మెట్టు లోపమో అనుకుని తీగలు మార్పించేవాళ్ళున్నారు కానీ కారణం నెక్‌లో ఉంది. ప్రతి కర్రకూ తనదైన కంపన వేగం ఉంటుంది. తీగ సరిగ్గా ఆ వేగంతో కంపిస్తే నెక్ కూడా దానితో పాటు ఊగి, తీగ శక్తిని లాగేసుకుంటుంది. నెక్ తల దగ్గర చిన్న లోహపు బరువు బిగిస్తే ఆ చోటు కాస్త పక్కకు జరుగుతుంది. ఖరీదైన బేస్‌లకూ ఈ గుణం ఉంటుంది, అందుకని ధర చూసి నిశ్చింతగా ఉండకూడదు.

అయిదు తీగల బేస్ కొనాలా అని కొత్తవాళ్ళు తరచూ అడుగుతారు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం 41 హెర్ట్జ్, అయిదో తీగతో అది 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది. నా మట్టుకు నేను మొదటి బేస్‌కు నాలుగు తీగలే చాలంటాను. మోగకూడని తీగను నొక్కి ఉంచడం బేస్‌లో సగం విద్య. నాలుగిటిని అదుపులో పెట్టడం వచ్చాక అయిదోదాని సంగతి చూసుకోవచ్చు.

ఒక్క వేలు, పాత తీగలు

అరవైలలో డెట్రాయిట్ నుంచి మోటౌన్ సంస్థ విడుదల చేసిన హిట్ పాటల్లో లెక్కలేనన్నిటికి బేస్ వాయించినవారు జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవారు. తోటివాళ్ళు ఆ వేలికి 'హుక్' అని పేరు పెట్టారు. 1962 నాటి ప్రెసిషన్ బేస్, దానిమీద నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగలు. తెగితే తప్ప ఆయన తీగలు మార్చేవారే కారు. జిడ్డు పట్టిన తీగలోనే నాదముందని ఆయన నమ్మకం. తీగల కింది కొసను పట్టి ఉంచే బ్రిడ్జి మూత లోపల ఉన్న స్పాంజి ముక్క తీగ మోతను చటుక్కున ఆపేది. గుండ్రంగా, పొట్టిగా, దమ్మున్న ఆ స్వరం ఈ మూడిటి కలయికే.

దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచినవారు ఇంగ్లండ్‌లో ద హూ బృందం బేసిస్ట్ జాన్ ఎంట్విసిల్. తీగ పియానోలా ఖంగుమని మోగాలన్నది ఆయన పట్టుదల. 1966లో రోటోసౌండ్ కంపెనీతో కలిసి పనిచేసి అలాంటి రౌండ్‌వౌండ్ తీగలు తయారుచేయించారు. వీటికి చుట్టిన తీగ గుండ్రంగా, చేతికి గరుగ్గా తగులుతుంది. మెట్లను కూడా త్వరగా అరగదీస్తుంది. ఇవాళ కొత్త బేస్‌లకు ఎక్కువగా వచ్చేవి ఈ తరహా తీగలే.

ఆ గరుకుదనానికి విరుగుడు కనిపెట్టింది ఫ్లోరిడాలో పెరిగిన జాకో పాస్టోరియస్. ఆయన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కు మెట్లు లేవు. పీకేసిన మెట్ల గాళ్ళను పూడ్చి, రౌండ్‌వౌండ్ తీగలు కర్రను తినేయకుండా పడవలకు పూసే ఎపాక్సీని పొరలు పొరలుగా పూశారు. గాజులా గట్టిపడ్డ ఆ పొర మీద తీగ రాసుకుంటూ మోగడంతో గొంతెత్తి పాడినట్టుండే నాదం పుట్టింది. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ విన్నాక బేస్ వాయించేవాళ్ళు ఎందరో దారి మార్చుకున్నారు. 1986లో న్యూయార్క్‌లో ఆ బేస్ పోయింది. ఆ మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. రెండు దశాబ్దాల తర్వాత అది బయటపడినప్పుడు, ఆయన కుటుంబం దాన్ని తిరిగి పొందడానికి మెటాలికా బృందం బేసిస్ట్ రాబర్ట్ ట్రుహీయో డబ్బు సాయం చేశారు.

బొటనవేలితో తీగను దబ్బున కొట్టే స్లాప్ పద్ధతి కూడా అవసరంలోంచే పుట్టింది. లారీ గ్రాహమ్ వాళ్ళమ్మతో కలిసి క్లబ్బుల్లో వాయించేవారు. ఆర్గాన్ పాడైతే తాత్కాలికంగా ఒక బేస్ అద్దెకు తెచ్చుకున్నారు. డ్రమ్మర్ లేని లోటు తీర్చడానికి, పెద్ద డ్రమ్ము దెబ్బకు బదులు బొటనవేలితో కొట్టడం, స్నేర్ దెబ్బకు బదులు వేలితో తీగను లాగి వదలడం అలవాటు చేసుకున్నారు. ఆ తర్వాత స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బృందంలో చేరి అదే పద్ధతిని లోకానికి వినిపించారు.

1963లో లాస్ ఏంజెలెస్‌లో ఒక రికార్డింగ్‌కు బేసిస్ట్ రాకపోతే, గిటార్ వాయించడానికి వచ్చిన కేరల్ కే ఆ బేస్ అందుకున్నారు. ఆ తర్వాత వేల రికార్డింగులకు వాయించారు, అదీ పిక్‌తో. పిక్‌తో వాయిస్తే బేస్ వాయించినట్టే కాదని వాదించేవాళ్ళకు ఆవిడ పేరు చెబితే సరిపోతుంది. వీళ్ళలో ఎవరి నాదమూ ఖరీదు పెట్టి కొన్నది కాదు. చేతిలో ఉన్నదాన్ని తమకు కావలసినట్టు మలుచుకున్నారు. బేస్ మీద నాకున్న ప్రేమంతా అక్కడే ఉంది.

ఫోన్‌లో లేని స్వరం

సెల్‌ఫోన్ స్పీకర్‌కు 41 హెర్ట్జ్ స్వరం పలికే శక్తి లేదు. దాని దరిదాపులకు కూడా రాలేదు. అయినా ఫోన్‌లో పాట వింటుంటే బేస్ ఏ స్వరం వాయిస్తోందో తెలుస్తూనే ఉంటుంది. తీగ మోగినప్పుడు 41తో పాటు 82, 124, 165, 206 ఇలా దాని రెట్లన్నీ కలిసి మోగుతాయి. ఫోన్ వినిపించేది పైనున్న రెట్లనే. వాటి మధ్య ఉన్న సమాన దూరాన్ని బట్టి అసలు స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. వాయించేవాళ్ళకు ఇందులో పనికొచ్చే కిటుకుంది. బ్రిడ్జికి దగ్గరగా మీటితే పై రెట్లు బాగా పలుకుతాయి, చిన్న స్పీకర్‌లో కూడా స్వరం తేటగా తెలుస్తుంది. నెక్ వైపు మీటితే నాదం గుండ్రంగా హాయిగా ఉంటుంది, ఫోన్‌లో మాత్రం మాయమవుతుంది.

ఆ 41 హెర్ట్జ్ స్వరం గాలిలో సాగే తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే. మామూలు గదికంటే పెద్దది. అందుకే ఒకే గదిలో ఒక మూల నిలబడితే బేస్ గోడలదిరేలా వినిపిస్తుంది, నడుమకు వస్తే పలచబడిపోతుంది. సాధనకు కూర్చునే చోటు మార్చి చూడకుండా ఆంప్లిఫైయర్ మీద నింద వేయకూడదు.

బేస్ లేకుండానే మెప్పించిన పాటలున్నాయి. ప్రిన్స్ 1984లో 'వెన్ డవ్స్ క్రై' పాటలోంచి బేస్‌ను చివరి క్షణంలో తీసేశారు. అది అమెరికా హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. స్టేడియంలలో జనం కోరస్‌గా పాడుకునే 'సెవెన్ నేషన్ ఆర్మీ' వరస బేస్‌లా వినిపిస్తుంది గానీ, అది పెడల్‌తో స్థాయి దించిన గిటార్. డోర్స్ బృందానికి కచేరీల్లో బేసిస్టే లేరు, రే మంజరెక్ ఎడమచేత్తో కీబోర్డు మీదే ఆ పని కానిచ్చేవారు.

మన చెవులకు బేస్ రుచి చూపించింది ఇళయరాజా. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలను ఈసారి హెడ్‌ఫోన్స్‌లో, పల్లవిని వదిలేసి కింది వరస ఒక్కదాన్నే పట్టుకుని వినండి. గొంతు పక్కనే ఇంకో పాట నడుస్తున్నట్టుంటుంది. ఆయన దగ్గర ఏళ్ళ తరబడి బేస్ వాయించినవారు శశిధరన్. ఎ.ఆర్. రెహమాన్ పాటల్లో వినిపించే చెయ్యి చాలాచోట్ల చెన్నైకి చెందిన కీత్ పీటర్స్‌ది. ముంబయి అమ్మాయి మోహినీ డే తండ్రి దగ్గరే బేస్ నేర్చుకుని, చిన్నవయసులోనే రెహమాన్, జాకిర్ హుస్సేన్‌లతో వేదిక పంచుకుంది. ఇన్ని పాటలకు ప్రాణం పోసినవాళ్ళ పేర్లు క్యాసెట్ల అట్టల మీద కనిపించకపోవడం నాకిప్పటికీ బాధే.

నెక్‌ను కనిపెట్టుకుని ఉండాలి

శ్రుతి చేసి ఉన్న నాలుగు తీగలు కలిసి నెక్‌ను లాగే బలం 70 నుంచి 80 కిలోలు. రాత్రీ పగలూ ఆ లాగుడు ఆగదు. దాన్ని తట్టుకోవడానికే నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. వంపు చూసుకోవడం ఇంట్లోనే కుదురుతుంది. ఒకే తీగను మొదటి మెట్టు మీద ఒక చేత్తో, చివరి మెట్టు మీద ఇంకో చేత్తో నొక్కి పట్టాలి. ఇప్పుడు తీగే స్కేలు బద్ద. ఏడో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే మేలు. సందు ఎక్కువైతే కడ్డీని బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించకూడదు. తిప్పాక ఒక రోజు ఆగి మళ్ళీ చూడాలి. కడ్డీ తిరగనని మొరాయిస్తే బలం చూపించకుండా తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. కడ్డీ తెగితే నెక్ పోయినట్టే.

కర్ర గాలిలో తేమను తాగుతుంది, ఎండకు వదిలేస్తుంది. హైదరాబాద్ ఎండాకాలంలో నెక్ కర్ర కుంచించుకుపోయి మెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. విశాఖ, కాకినాడల్లో ఉప్పుగాలికి తీగలూ బ్రిడ్జి మరలూ తుప్పు పడతాయి. అక్కడివాళ్ళు వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగ పైనా కిందా తుడిచి పెట్టెలో పెట్టడం తప్పనిసరి. ఎండలో ఆపిన కారులో బేస్‌ను వదిలి వెళ్ళడం ఏ ఊళ్ళోనైనా తప్పే. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు పాలిపోతే దానికోసమే అమ్మే నూనె రెండు చుక్కలు ఏడాదికి ఒకటి రెండుసార్లు పడితే చాలు. వంటనూనె మాత్రం వద్దు, కాలం గడిచేకొద్దీ జిగురు కట్టి కంపు కొడుతుంది. వార్నిష్ పూసిన మేపుల్ బోర్డుకు ఏ నూనే అక్కర్లేదు.

యాక్టివ్ బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. చాలావాటికి విడిగా స్విచ్ ఉండదు, కేబుల్ గుచ్చితేనే లోపలి సర్క్యూట్ పనిచేయడం మొదలుపెడుతుంది. కేబుల్ తీయకుండా గోడకు ఆనించి పడుకుంటే తెల్లవార్లూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. చర్చి ఆరాధనలోనో పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో వాయించేవాళ్ళు జేబులో ఇంకో బ్యాటరీ ఉంచుకోవడం మంచిది. అది చచ్చేముందు బేస్ నాదం కీచుగా, పగిలినట్టు వస్తుంది.

ఇక తీగలు. బేస్ తీగల సెట్టు గిటార్ తీగలకంటే ఎన్నో రెట్లు ఖరీదు. వాటి మోత చచ్చిపోవడానికి ముఖ్యకారణం చుట్ల మధ్య పేరుకున్న చెమట, చర్మపు పొట్టు. పూత లేని రౌండ్‌వౌండ్ తీగలను విప్పి, చుట్టగా చుట్టి, నీళ్ళలో పది నిమిషాలు మరగనిస్తే ఆ మురికి వదిలి పాత మోత తిరిగొస్తుంది. నీళ్ళ రంగు మారడం కళ్ళారా కనిపిస్తుంది. తీసిన వెంటనే తడి లేకుండా ఆరబెట్టకపోతే లోపలి ఉక్కు తీగ తుప్పు పడుతుంది. ఆ తిరిగొచ్చిన మోత కొత్త తీగలంత కాలం నిలవదు. ప్రతిసారీ విప్పి బిగించడం వల్ల కీల దగ్గర తీగ బలహీనపడుతుంది కూడా. అందుకని ఒకటి రెండుసార్లు మరిగించాక కొత్త సెట్టు కొనుక్కోవడమే మంచిది.