రోహిణి ఎండలో ముల్లంగి

మార్గశిర పుష్యమాసములలో మంచు కురిసిన మడినుండి పెరికిన ముల్లంగికిని, రోహిణి కార్తెలో అంగడికి వచ్చు ముల్లంగికిని గల భేదము కత్తిపీట ముందు కూర్చున్న ఇల్లాలికి తెలిసినంతగా మరియొకరికి తెలియదు. మొదటిది తెగిన చోటనెల్ల నీరూరును. రెండవది తరచుగా నడుమ బెండుపడి, దూదివలె తెల్లబారి, నాలుకను మండించును.

దీని హేతువు మొక్క జీవితములోనే కలదు. మనము దుంపయని వండుకొనునది మొక్క తన పూతకొరకు నింపుకొన్న గాదె. పగలు ఆకులు సిద్ధపరచిన చక్కెరలో కొంత రాత్రి శ్వాసక్రియకు వ్యయమగును. రాత్రి చల్లనిదైనచో ఆ వ్యయము స్వల్పమై మిగిలినది వేరునకు దిగును, రాత్రియు ఉక్కపోసినచో గాదెకు చేరవలసినది త్రోవలోనే హరించిపోవును. క్యారెట్టునకు చక్కని వర్ణము అబ్బునది 15 మొదలు 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో. అది మించినచో వేరు పొట్టిదై వెలవెలబోవును. వేసవి బీటుదుంపను కోసినపుడు ఎఱుపు నడుమ తెల్లని వలయములు కానవచ్చుటకును ఎండయే కారణము.

కావున అకాలపు సేద్యమున మొదట ఎన్నవలసినది విత్తనము. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన 'పూసా చేత్కి' ముల్లంగి ఎండకు ఓర్చి, 40 మొదలు 45 దినములలో పెరుకుటకు వచ్చును. పూసా బీహారులోని ఊరు. 1934 నాటి భూకంపమునకు అచ్చటి భవనము దెబ్బతినగా సంస్థ ఢిల్లీకి తరలినను, ఆ ఊరిపేరు విత్తనములను వీడలేదు.

పిమ్మట నేలను చల్లబరుపవలయును. బోదెలు తీసి, బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపి, సాయంకాలము విత్తి, వరిగడ్డి పలుచగా పరచి, పడమటి ఎండ తగులకుండ తాటాకులు అడ్డుకట్టుట మేలు. క్యారెట్టు విత్తు మొలచుటకు వారము పదిదినములు పట్టును. ఆలోపల పైమన్ను ఒక్కనాడు ఎండి పెచ్చుకట్టినను సుకుమారమైన ఆ మొలక దానిని చీల్చుకొని రాలేదు. కనుక తడిగోనె కప్పి, మొలక తల చూపినవెంటనే తొలగింపవలయును.

అన్నిటికంటె కష్టమైనది పెరుకు దినమును గుర్తించుట. ఒక వేసవిని, ఇంకను లావెక్కునను ఆశతో, మా పెరటి ముల్లంగిని గడువు దాటినను పదిదినములు నిలిపితిని. పెరికినపుడు చేతికి బరువు తోచలేదు, విరిచినపుడు పెళుక్కుమనక వంగినది. నాటినుండి మడియంతయు ఒక్కమారే విత్తక, పదిదినముల కొక బోదె చొప్పున విత్తుచున్నాను.